ఐదో మెట్టు

రోగి కంటి నీట రూపము దాలిచి
వైద్యు ముందు నిలచు వాని గొలిచి
కరుణ లేని చదువు కాష్ఠమే యని తెల్పు
కథ యిదొకటి గలదు కలసి వినుడు.

ఆ వైద్య కళాశాలలో మూడో నంబరు తరగతి గది నేల ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. చలిరోజుల్లో విద్యార్థులు చెప్పులు విడిచి పాదాలు గచ్చుకు ఆనించి కూర్చుంటారు. ఎండలు ముదిరితే అదే గచ్చును తిట్టుకుంటూ కాళ్ళు బల్లకమ్మీల మీదికి ఎత్తుకుంటారు. కింద నేలమాళిగలో ఆసుపత్రి లాండ్రీ ఉందని అందరికీ తెలుసు. తెలియడం అంతవరకే. దిగి చూసినవారు లేరు.

సోమవారం తొమ్మిది గంటలకు సామాజిక వైద్యం బోధించే ఆచార్యులు ఆ గదిలోకి వచ్చారు. పిల్లలు ఆయనకు పెట్టుకున్న పేరు 'ఎందుకు సారు'. ఆ సంగతి ఆయనకూ తెలుసు. విని మురిసిపోతారు కూడా. జబ్బుకు పేరు చెప్పగానే ఏ విద్యార్థినీ ఆయన కూర్చోనివ్వరు. 'ఎందుకు?' అంటారు. జవాబు రాగానే ఆ జవాబు మీద మళ్ళీ 'ఎందుకు?' అంటారు. అలా అయిదుసార్లు. నల్లబల్లమీద ఒక నిచ్చెన గీసి, పైమెట్టు మీద జబ్బు పేరు రాసి, ఒక్కొక్క జవాబుకు ఒక్కొక్క మెట్టు కిందికి దిగుతారు. "నిచ్చెన ఎక్కడానికే అనుకోకండర్రా. వైద్యుడికి అది దిగడానికి" అన్నది ఆయన ఏటా చెప్పే మాట. ఆ ఏడాదితో ఆయనకు పదవీ విరమణ.

తెల్లకోటు ఎడమ జేబులో చెయ్యి పెట్టి ఆయన చిన్న కాగితపు పొట్లం తీశారు. నాలుగు మడతలు వేసి, అంచు లోపలికి దోపిన పొట్లం. విప్పితే నాలుగు సుద్దముక్కలు. శుక్రవారం పొద్దున్నే కోటు లాండ్రీకి వేసేటప్పుడు జేబులో ఏవో మిగిలిపోతాయి. సోమవారం ఉదయం ఇస్త్రీమడతతో కోటు తిరిగి వచ్చినప్పుడు అవి ఇలా పొట్లమై ఉంటాయి. ఏళ్ళ తరబడి ఇదే తంతు. లాండ్రీవారి పద్ధతి కాబోలు అనుకున్నారు తప్ప ఆయన ఏనాడూ దాన్ని గురించి ఆలోచించలేదు.

"ఈ వారం కేసు ఎవరిది?"

ముందు వరసలో ఎర్రఫైలు అమ్మాయి లేచింది. ఏ నోటు రాసినా ఎర్రఫైలులోనే దాచుకునే పిల్ల. "సార్, ఆడవాళ్ళ సర్జికల్ వార్డు, పద్నాలుగో బెడ్. నలభై ఆరేళ్ళ ఆవిడ. తొమ్మిదేళ్ళుగా షుగరు. కుడి అరికాలిలో పుండు, చర్మం నీళ్ళలో నానినట్టుంది, రెండు వేళ్ళు నల్లబడ్డాయి. శనివారం జ్వరంతో చేరింది."

"కేస్ షీట్ మీద ఎర్రసిరాతో ఏమన్నా రాశారా?"

"రాశారు సార్. 'మాట వినని రోగి. వరుసగా మూడు వారాలు గైర్హాజరు' అని."

ఆచార్యులు నిచ్చెన గీశారు. పైన 'కాలు కుళ్ళింది' అని రాశారు. ఎందుకు? పుండు మానలేదు. అది మొదటి మెట్టు. ఎందుకు? షుగరు, తడి. అది రెండు. మరి సమయానికి ఎందుకు చూపించుకోలేదు?

వెనక వరసలోంచి సమాధానం వచ్చింది. క్లాసంతా 'బావగారు' అని పిలుచుకునే కుర్రవాడు. ఏ మాటకైనా ఒక మెలిక తగిలించకపోతే వాడికి అన్నం సయించదు. "నిర్లక్ష్యం సార్. ఇక ఆఖరు మెట్టుదాకా నిర్లక్ష్యమే. సుద్దముక్క ఆదా."

గదంతా నవ్వింది. ఆచార్యులూ నవ్వారు. "నిర్లక్ష్యం జబ్బు పేరా నాయనా, తిట్టు పేరా?"

"రెండూ అనుకోండి సార్."

"జబ్బే అయితే మందు రాయి."

బావగారు కూర్చున్నాడు. ఆచార్యులు మూడో మెట్టు ఖాళీగా వదిలి చేతులు దులుపుకున్నారు. "మనిషిని అడక్కుండా మూడో మెట్టు రాయకూడదు. మధ్యాహ్నం వార్డుకి వెళ్దాం. ఈ నిచ్చెన పూర్తయ్యేదాకా ఎవరూ తుడవకండి. గురువారం మాత్రం అందరూ సిద్ధంగా ఉండండి. ఊరి చివరి పాకల దాకా బస్సు ఏర్పాటు చేశాను. బీదరికం జబ్బుగా ఎలా మారుతుందో కళ్ళారా చూద్దురుగాని."

పిల్లలు బస్సు మాటకు సంబరపడ్డారు. కాళ్ళకింద గచ్చు వెచ్చగా ఉంది.

*

పద్నాలుగో బెడ్ కిటికీ పక్కన ఉంది. ఆ స్త్రీ సన్నగా, ఎముకలు లెక్కపెట్టేలా ఉంది. కుడికాలి మీద దుప్పటి తగలకుండా ఇనుప గూడు పెట్టారు. ఆమె చేతులు ఊరకే లేవు. కప్పుకున్న దుప్పటి అంచును అరచేత్తో సాపుచేసి, సగానికి మడిచి, మళ్ళీ సగానికి మడిచి, బొటనవేలితో మడత మీద గట్టిగా రుద్ది, విప్పేసి, తిరిగి మొదలుపెడుతోంది. పక్కనే స్టూలు మీద ఆమె ఆడపడుచు కూర్చుని ఉంది, మోచేతుల దాకా ఉబ్బి తెల్లబారిన చేతులతో.

ఆచార్యులు, ఎర్రఫైలు అమ్మాయి మంచం దగ్గర ఆగారు. ఆ స్త్రీ ఆయన ముఖం చూడలేదు. కోటు కాలరు చూసింది. తరువాత ఎడమ జేబు చూసింది. ముఖం విప్పారింది.

"నమస్కారం సార్. ఎనిమిదో నంబరు కదూ?"

ఆయనకు అర్థం కాలేదు.

"కోటు సార్. కాలరు లోపల ఎర్రదారంతో ఎనిమిది అంకె ఉంటుంది. ఎడమ జేబులో సుద్దముక్కలు."

ఆడపడుచు అందుకుంది. "మా వదినకి డాక్టర్ల మొహాలు తెలియవు సార్, జేబులు తెలుసు. అయిదో నంబరాయన జేబులో పిప్పరమెంటు కాగితాలు. పన్నెండో నంబరావిడ జేబులో ఎప్పుడూ ఏడ్చి ఏడ్చి తడిసిన రుమాలు. ఆవిడకి ఏం కష్టమోనని ఈవిడ ఇంటికొచ్చి అన్నం మానేస్తుంది. మొగుడు పోయినప్పుడు కూడా అన్ని పూటలు మానలేదు."

"నోరు ముయ్యవే. పెద్దాయన ముందు." ఆమె కోపంగా అనలేదు.

ఆచార్యులు జేబులోని పొట్లాన్ని తాకి చూసుకున్నారు. "ఇది నువ్వు కడతావా అమ్మా?"

"సుద్ద నీళ్ళలో పడితే జేబు రాయిలా గట్టిపడిపోతుంది సార్. అందుకని ముందే తీస్తాను. పారేద్దామంటే చెయ్యి రాదు. అంతంత ముక్కల్ని కూడా మీరు పారెయ్యకుండా జేబులో వేసుకున్నారు కదా. చదువు చెప్పే వస్తువు."

"ఎన్నాళ్ళనుంచి?"

"మీరు ఆ కోటు వేసుకున్నప్పటినుంచి. పదకొండేళ్ళు."

పదకొండేళ్ళు. వారానికొకటి చొప్పున అన్ని పొట్లాలు ఆయన విప్పి, కాగితం ఉండచుట్టి చెత్తబుట్టలో వేసి, సుద్ద చేతపట్టుకుని 'ఎందుకు?' అని అడిగారు.

అమ్మాయి ఫైలు తెరిచింది. "పిన్నీ, మూడు వారాలు వరసగా ఓపీకి రాలేదట. ఏమైంది?"

"మంగళవారం కదమ్మా మీ ఓపీ. పొద్దున తొమ్మిదినుంచి పన్నెండు."

"అవును."

"మంగళవారమే ఆపరేషన్ గుడ్డలు దిగేది. మా డ్యూటీ ఆరునుంచి రెండు. ఆ రోజు ఇస్త్రీబల్ల వదిలితే పైన ఆపరేషన్లు ఆగుతాయంటారు." చేతిలోని దుప్పటి అంచును మళ్ళీ సగానికి మడిచింది. "నావల్ల ఒకరి ఆపరేషన్ ఆగకూడదు కదా."

ఆడపడుచు గొంతు తగ్గించలేదు. "అదొక్కటే కాదు, మొత్తం చెప్పు వదినా. కింద లాండ్రీలో మూడుసార్లు బల్ల దగ్గర కనబడకపోతే ఇంకొకరిని పెట్టుకుంటారు. పైన మూడుసార్లు రాకపోతే కార్డు మూసేస్తారు. పైవాళ్ళూ కిందవాళ్ళూ కూడబలుక్కున్నట్టు. కార్డన్నా ఉంచుకోవాలి, బల్లన్నా ఉంచుకోవాలి. ఈవిడ బల్ల ఉంచుకుంది."

"నాలుగో వారం ఒకావిడని బతిమాలి బల్ల అప్పగించి వచ్చానమ్మా," అంది ఆ స్త్రీ, తప్పు ఒప్పుకుంటున్నట్టుగా. "ఓపీ కిటికీ దగ్గర కార్డు మూసేశామన్నారు. కొత్త చీటీ తెచ్చుకుని మళ్ళీ మొదటినుంచి లైనులో నిలబడమన్నారు. అప్పటికి పదకొండయింది. కిందికి దిగిపోయాను."

"తరవాత కట్టు ఎవరు కట్టారు?"

"నేనే. చిరిగిన దుప్పట్లు పక్కన పడేస్తారు కదా, వాటిని పీలికలు చేసి, మరగబెట్టి, ఇస్త్రీ చేసి."

అప్పుడే వచ్చిన సర్జన్ ఆచార్యులకు నమస్కరించాడు. ఒకప్పుడు ఆయన దగ్గరే చదువుకున్నవాడు. వరండాలోకి తీసుకువెళ్ళి నెమ్మదిగా చెప్పాడు. "ఆ కట్టు చూశారా సార్? మా వార్డు కట్టుకన్నా శుభ్రంగా ఉంది. లోపల మాత్రం... ఏడు వారాల ముందు వచ్చుంటే రెండు వేళ్ళతో పోయేది. రేపు సాయంత్రం దాకా మందులతో చూస్తాను. నలుపు మడమ దాటితే మోకాలి కిందికి తీసెయ్యక తప్పదు."

వాళ్ళు తిరిగి వచ్చేసరికి ఆమె అడిగిన మాట ఒక్కటే. "కాలు ఉంటుందా సార్? నిలబడి చేసే పని నాది."

ఆచార్యులు దుప్పటి అంచు సర్ది, "చూద్దామమ్మా" అన్నారు.

మెట్లు దిగుతుంటే అమ్మాయి అడిగింది, "ఈవిడ పనిచేసేది మన గది కింద లాండ్రీలోనేనా సార్?"

ఆయన ఆగిపోయారు. ఒక్కక్షణం తన కాళ్ళవంక చూసుకున్నారు.

*

మంగళవారం ఉదయం ఆయన గురువారం బస్సు వద్దని కబురు పంపి, పిల్లలను వెంటబెట్టుకుని తరగతి గది వెనక తలుపు తీశారు. ఆ తలుపు వెనక మెట్లున్నాయి. పంతొమ్మిది. బావగారు లెక్కపెట్టాడు.

దిగినకొద్దీ గాలి బరువెక్కింది. కింద గదిలో ఆవిరి కప్పుదాకా కమ్ముకుని ఉంది. ఒకపక్క నాలుగు పెద్ద డ్రమ్ములు తిరుగుతున్నాయి. ఆడపడుచు రబ్బరు బూట్లతో నీళ్ళలో నిలబడి, రక్తపు మరకలున్న ఆకుపచ్చ గుడ్డలను కర్రతో ఎత్తి లోపలికి వేస్తోంది. నేల వాలు తప్పుగా కట్టడంవల్ల నీరు కాలువలోకి పోకుండా ఇస్త్రీబల్లల వైపు వస్తోంది. బల్లల దగ్గర ఇటుకలు పరిచారు. ఇటుకలు కూడా మునిగాయి. బల్లలు ఆరు. ఒక్కొక్క బల్లముందు ఒక్కొక్క స్త్రీ, కుడిచేత్తో బరువైన ఆవిరి ఇస్త్రీపెట్టె నడుపుతూ, ఎడమచేత్తో ముందుకు గుడ్డ లాగుతూ. ఎవరూ తలెత్తలేదు. ఆపరేషన్ గుడ్డలు పదిన్నరకల్లా పైకి చేరాలి.

గోడవార రబ్బరు బూట్ల వరస ఉంది. అమ్మాయి ఒక జత తిప్పి చూసింది. కుడిబూటు అడుగున రూపాయి బిళ్ళంత చిల్లు. లోపల నుంచి అట్టముక్క వేసి, దానిమీద గుడ్డపీలిక కుట్టారు. పీలిక కూడా ఇస్త్రీ చేసిందే. అమ్మాయి బూటును ఉన్నచోటనే, ఉన్నట్టే పెట్టింది.

"ఆమె బల్ల ఏది?" ఆచార్యులు అడిగారు.

సూపర్‌వైజర్ రెండో బల్ల చూపించాడు. అక్కడ ఇంకెవరో కొత్త మనిషి ఇస్త్రీ చేస్తోంది.

"శనివారం, సోమవారం, ఇవాళ. మూడయ్యాయి సార్," అన్నాడతను, ఆయన కళ్ళలోకి చూడకుండా. గోడమీది హాజరు నిబంధనల కాగితం చూపించాడు. "నేను రాసింది కాదు. నాకిచ్చింది. ఆవిడ లాంటి పనిమనిషి నాకు మళ్ళీ దొరకదని నాకు మాత్రం తెలియదా?"

"ఆసుపత్రిలోనే చేరింది కదయ్యా, పైనే ఉంది."

"ఆసుపత్రిలో ఉన్నా బల్ల దగ్గర లేదు కదండీ. ఆ కాగితంలో కారణాలకి గడి లేదు."

బావగారి బూట్లలోకి నీళ్ళు ఎక్కాయి. వాడు మెలిక వేయలేదు. కప్పువంక చూస్తూ నిలబడ్డాడు. "పైన మన గదేనా?"

"అదే బాబూ," అంది ఒక స్త్రీ, ఇస్త్రీ ఆపకుండా. "తొమ్మిదింటికి కుర్చీలు జరుగుతాయి, మాకు అదే గడియారం. సారు గొంతు పెంచితే 'ఎందుకు, ఎందుకు' అని వినబడుతుంది. రెండో బల్లావిడ నవ్వేది, 'పాపం ఇన్నేళ్ళనుంచి అడుగుతున్నారు, ఎవరూ చెప్పరేంటి' అని."

డ్రమ్ములు తిరిగాయి.

పైకి వచ్చాక అమ్మాయి నల్లబల్లమీద రెండు మెట్లు నింపింది. మూడు: ఓపీ రోజు, పని రోజు ఒకటే. నాలుగు: మూడు వారాలు రాకపోతే కార్డు మూసేస్తారు. అయిదో మెట్టు దగ్గర సుద్ద ఆపి, "ఈ రూలు ఎందుకు పెట్టారు సార్? ఎవరు పెట్టారు?" అంది.

"అది నేను కనుక్కుని చెప్తాను," అన్నారు ఆచార్యులు. ఆ మూడు అనే అంకె నిన్నటినుంచి ఆయనను ఎక్కడో లోపల గీరుతోంది. ఎక్కడో తెలియడం లేదు.

*

రికార్డుల గుమాస్తా ఫైలు వెతకడానికి అరగంట కూడా పట్టలేదు. దుమ్ము దులిపి, కాగితం ఇటు తిప్పి ఆయన ముందు పెట్టాడు.

'వరుసగా మూడు మంగళవారములు హాజరుకాని రోగి కార్డును మూసివేయవలెను. తిరిగి చికిత్స కోరువారు కొత్త సిఫారసు లేఖతో మొదటినుండి నమోదు చేసుకొనవలెను.' తొమ్మిదేళ్ళ కిందటి తేదీ. కింద ఓపీ సంస్కరణ సంఘం అధ్యక్షుల సంతకం. పొడుగాటి గీతతో ముగిసే సంతకం. ఆయనదే.

"మంచి రూలు సార్," అన్నాడు గుమాస్తా అభిమానంగా. "మీరు పెట్టారు, లైను సగానికి తగ్గింది. ఆ ఏడు మీకు శాలువా కూడా కప్పారు కదా, గుర్తులేదా?"

గుర్తుంది. రెండో అంతస్తు కిటికీలోంచి గేటుదాకా సాగిన లైను చూసి, ఈ జనాన్ని ఒక పద్ధతిలో పెట్టకపోతే కాదని సంకల్పించి, ఒక్క సాయంత్రం కూర్చుని రాసిన కాగితం. భాష కూడా తానే దిద్దుకున్నారు. 'మూసివేయవచ్చును' అని ముందు రాసి, అందులో పట్టు లేదని కొట్టివేసి 'మూసివేయవలెను' అని మార్చారు. ఆ కొట్టివేత కూడా కాగితం మీద అలాగే ఉంది.

ఆయన ఆ కాగితానికి నకలు తీయించుకుని మడిచి జేబులో పెట్టుకున్నారు. ఎడమ జేబులో, పొట్లం పక్కన.

వార్డుకు వెళ్ళేసరికి సాయంకాలపు ఎండ పద్నాలుగో బెడ్ మీద పడుతోంది. నలుపు మడమ దాటింది. మర్నాడు ఉదయం ఆపరేషన్. ఆ సంగతి ఆమెకు చెప్పారు. బల్ల సంగతి ఆడపడుచు చెప్పింది. రెండూ విన్న మనిషిలా లేదామె. దుప్పటి అంచు చేతిలోనే ఉంది కాని మడవడం లేదు.

"నీతో ఒక మాట చెప్పాలమ్మా," అన్నారు ఆచార్యులు, స్టూలు దగ్గరికి జరుపుకుని.

"చెప్పండి సార్."

"ఆ కార్డు రూలు. మూడుసార్ల రూలు."

"దాందేముంది సార్." ఆమె ఆయనను ఓదారుస్తున్నట్టు అంది. "మా ఆడబడుచు అలాగే వాగుతుంది, మీరు పట్టించుకోకండి. రూలు రాసినవాళ్ళకి ఏదో కారణం ఉండే ఉంటుంది. మీలాంటి చదువుకున్న పెద్దలు ఊరికే రాస్తారా? మా కంటికి కనబడనిది మీకు కనబడుతుంది."

ఆయన చెయ్యి జేబులోకి వెళ్ళింది. నకలు కాగితం వేళ్ళకు తగిలింది. పైకి తీయాలి. ఇది నేను రాశాను, కనబడక రాశాను అని చెప్పాలి. ఆమె కళ్ళలో తనమీద ఉన్న ఆ నమ్మకాన్ని ఆపరేషన్ ముందురోజు లాగేసుకోవడం న్యాయమా అని ఆయన తనను తాను ప్రశ్నించుకున్నారు. ఆపరేషన్ అయ్యాక, కోలుకున్నాక, నిమ్మళంగా చెప్పవచ్చునని సమాధానం చెప్పుకున్నారు. అది ఆమెపట్ల దయ అనుకున్నారు. తన భయానికే ఆ పేరు పెట్టుకున్నానని ఆయనకు తరువాత తెలిసింది.

"కోలుకున్నాక చెప్తాలే," అన్నారు.

"కూర్చుని చేసే పని ఏదన్నా ఉంటుందా సార్, కింద? గుండీలు కుట్టడం లాంటిది. నాకు కుట్టు వచ్చు."

"నేను మాట్లాడతాను."

"మీరు మాట్లాడితే అవుతుంది." ఆమె మళ్ళీ దుప్పటి అంచు మడవడం మొదలుపెట్టింది. "పోయిన శుక్రవారం మీ కోటు కొంచెం తొందరగా చేశాను సార్, జ్వరంగా ఉండి. కుడిచేతి మడత సరిగా పడలేదు. ఏమీ అనుకోకండి."

బుధవారం ఆమె కాలు తీశారు. గురువారం జ్వరం తగ్గలేదు. రక్తంలోకి చీము పాకిందని సర్జన్ అన్నాడు. ఆరోజు ఆచార్యులు సూపరింటెండెంటు గది బయట రెండు గంటలు కూర్చుని, రూలు రద్దు చేయాలని లేఖ ఇచ్చి, కూర్చుని చేసే పని గురించి ఒకటికి నాలుగుసార్లు చెప్పి వచ్చారు. వచ్చేనెల సంఘం సమావేశంలో పరిశీలిస్తామన్నారు. ఆ మాట చెప్పడానికి వార్డుకు వెళితే ఆమెకు స్పృహ లేదు. చేతులు మాత్రం దుప్పటి మీద కదులుతున్నాయి, లేని మడతను వెతుకుతున్నట్టు.

శుక్రవారం ఉదయం ఆయన వెళ్ళేసరికి పద్నాలుగో బెడ్ మీద పరుపు ఒక్కటే ఉంది. ఎర్రఫైలు అమ్మాయి కిటికీ పక్కన నిలబడి ఉంది.

మురికిగుడ్డల బండి తోసుకుంటూ ఆడపడుచు వచ్చింది. ఆ వార్డు గుడ్డలు తీసుకువెళ్ళడం ఆరోజు ఆమె వంతు. సెలవు అడిగితే గైర్హాజరు కింద ఒక మార్కు పడుతుంది; దహనానికి మధ్యాహ్నం ఎలాగూ సెలవు కావాలి. కింద కుప్పగా పడివున్న దుప్పటిని ఆమె రెండు చేతులతో ఎత్తుకుంది. బండిలో వేయలేదు. అంచు కలిపి, సగానికి మడిచి, మళ్ళీ సగానికి మడిచి, బొటనవేలితో రుద్ది, అన్నిటికన్నా పైన పెట్టింది.

"ఉతకాల్సిన గుడ్డని మడతపెడతారేంటే పిచ్చిదానా అని తిట్టేది సార్," అంది. "ఇప్పుడు తిట్టదు."

బండి చక్రం ఒకటి కీచుమంటూ వరండా చివరిదాకా వెళ్ళింది.

*

సోమవారం ఆచార్యుల కోటు లాండ్రీనుంచి వచ్చింది. కాలరు ఒకపక్కకు ఒరిగి ఉంది. ఎడమ జేబులో చెయ్యి పెడితే వేళ్ళు లోపలికి పోలేదు. సుద్ద నీళ్ళలో కరిగి, ఆరి, జేబు రెండు పొరలూ కలిసి రాయిలా బిగిసిపోయాయి.

ఆయన ఆ కోటు వేసుకునే తరగతికి వెళ్ళారు. నల్లబల్లమీద నిచ్చెన అలాగే ఉంది; తుడిచేవాళ్ళు వస్తే బావగారు అడ్డంగా నిలబడి తుడవనివ్వలేదట. నాలుగు మెట్లు నిండి ఉన్నాయి. అయిదోది ఖాళీ.

ఆయన సొరుగు తెరిచి, శుక్రవారం కోటు విడిచేటప్పుడు అందులో దాచిన నకలునూ, కిందటి సోమవారపు పొట్లాన్నీ తీశారు. పొట్లంలో ఒక ముక్క మిగిలి ఉంది, చిటికెనవేలి గోరంత. పొట్లం కాగితాన్ని ఉండచుట్టలేదు. మడత చెదరకుండా బల్లమీద పెట్టి, నిచ్చెన దగ్గరికి నడిచి, అయిదో మెట్టు మీద తన పేరు రాశారు. పేరు పక్కన హోదా. దాని పక్కన తొమ్మిదేళ్ళ కిందటి తేదీ.

ఆయన నకలు కాగితం ముందు వరసకు ఇచ్చారు. అది చేతులు మారుతూ వెనకదాకా వెళ్ళింది. బావగారు దాన్ని చదివి, మళ్ళీ చదివి, అరచేతికింద పెట్టుకుని తలవంచుకున్నాడు.

"ఆమెకి చెప్పారా సార్?" అమ్మాయి అడిగింది.

"లేదమ్మా. రోజులున్నాయనుకున్నాను."

కిందనుంచి ఇస్త్రీపెట్టె బల్లకు ఆనిన మెత్తని చప్పుడు, ఆగి ఆగి. ఆయన ఇన్నేళ్ళలో ఆ చప్పుడు విన్న జ్ఞాపకం లేదు. ఇప్పుడు అదొక్కటే వినబడుతోంది.

అమ్మాయి లేచి నిలబడింది. "ఎందుకు రాశారు సార్?"

ఆయన సుద్దముక్క వైపు చూసుకున్నారు. తరువాత ఆమె దగ్గరికి వచ్చి, ఆ ముక్కను ఆమె అరచేతిలో పెట్టి, ఆమె లేచిన చోట ముందు బల్లమీద కూర్చున్నారు. పాదాలు వెచ్చని గచ్చుకు ఆనాయి.

"లైను పొడుగ్గా ఉందమ్మా," అన్నారు. "రెండో అంతస్తు కిటికీలోంచి చూశాను. లైనే కనబడింది. అందులో మనుషులు కనబడలేదు. రాసుకో."

అమ్మాయి అయిదో మెట్టు కింద మరో గీత గీసింది. సుద్ద వేళ్ళమధ్య అరిగిపోతున్నా రాసింది. రాసి, తిరిగి ఆయన వైపు చూసి, మళ్ళీ అడిగింది.

"ఎందుకు కనబడలేదు సార్?"

ఈ కథ విన్నవారి కాళ్ళకింద నేల ఎవరి శ్రమతో వెచ్చబడిందో వారికి తెలియుగాక. చెప్పవలసిన మాట వేళ మించకముందే వారి నోట పలుకుగాక. ఎవరి పేరూ ఏ రికార్డుల బీరువాలోనూ మూతపడకుండుగాక. నిలబడి పనిచేసే పాదాలన్నిటినీ, వాటికి కట్టుకట్టే చేతులన్నిటినీ ఆ లోకవైద్యుడు చల్లగా కాచుగాక.